ఉగ్గాణిలో ‘ణ’ ఎక్కడిది

ఉగ్గాని మాదంటే మాదని పోట్లాడుకునేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. అవి తడిపిన బొరుగులు, ఉట్టి మరమరాలు! నీళ్ళలో ముంచి, పిండి, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా వేసిన తిరగమాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడితే అయిపోయింది. వచ్చినవాడు తువ్వాలు దులిపి కూర్చునేలోగా ఆకులోకి వస్తుంది. ఇప్పటి పిల్లలు దాన్ని ఫాస్ట్‌ఫుడ్ అంటున్నారు. అననీ, వాళ్ళ ముచ్చట. కానీ ఆ తడి బొరుగులకు ఒక పుట్టుక, ఆ పుట్టుకకు ఒక వంశం, ఆ వంశానికి ఒక ఊరు కావాలని ఆదోనిలో ఒక హోటలాయన, ఎమ్మిగనూరులో ఒక హోటలాయన రొమ్ము విరుచుకుని నిలబడ్డారు చూడండి, అది మామూలు మనుషులకు వచ్చే ఆలోచన కాదు. గల్లాపెట్టె ముందు కూర్చుని ఈగలు తోలుకునేవాళ్ళకే వస్తుంది.

ఆ తగాదాలో నాకూ చెయ్యి ఉంది. అక్షరాలా చెయ్యే. నేను బోర్డులు రాసేవాణ్ణి.

ఆరో తరగతిలో బడి మానేశాను. మానేశానని నేనంటాను, తానే తరిమేశానని మా తెలుగు పంతులు ఊరంతా చెప్పుకునేవాడు. పద్యం అప్పజెప్పమన్నాడు, అప్పజెప్పాను. కాకపోతే ఆయన గొంతుతోనే, ఆయన ముక్కుతోనే అప్పజెప్పాను. తరగతి అంతా పడీ పడీ నవ్వింది. ఆయన బెత్తం తీశాడు, నేను కిటికీ దూకాను. పద్యం మాత్రం ఒక్క తప్పు లేకుండా చెప్పానని ఈనాటికీ ఒప్పుకోడు. అట్లా బయటికి వచ్చినవాణ్ణి కొన్నాళ్ళు పత్తి మూటల మీద మార్కులు వేశాను, ఆ కుంచెతోనే హోటళ్ళకూ సైకిలు షాపులకూ బోర్డులు రాసేవాణ్ణయ్యాను. అక్షరాలు నాకు బాగా వచ్చు. వాటి అర్థాల సంగతి అడగొద్దు.

మా అన్న ఆదోనిలో దూది మిల్లులో పనిచేసేవాడు. పత్తిలోంచి గింజ తీసే యంత్రాల ముందు పదేళ్ళు నిలబడితే రొమ్ములోకి ఎంత దూది పోవాలో అంతా పోయింది. దగ్గు పట్టుకుంది. నిలబడలేక ఇంట్లో కూర్చున్నాడు, కూర్చుని ఉల్లిగడ్డలు తరిగేవాడు. ఆ ఉల్లిగడ్డలతో మా వదిన మిల్లు గేటు పక్కన, వేపచెట్టు నీడలో, పొయ్యి పెట్టి బాండ్లి ఎక్కించింది. ఇంటిల్లిపాదీ ఆ బాండ్లి మీదే బతికాం. నా బోర్డుల సంపాదన నా బీడీలకు సరిపోయేది, అది కూడా నేను గొప్పగా చెప్పుకుంటేనే.

మా వదినది బళ్ళారి పక్క పల్లె. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు ఆదోని కూడా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఎవరో కూర్చుని ఒక గీత గీశారు, మమ్మల్ని తెచ్చి కర్నూలుకు కలిపారు. ఒక పొద్దున లేచేసరికి మా వదిన పుట్టిల్లు పరాయి రాష్ట్రమైపోయింది. ఆమె మాత్రం ఎప్పటిలాగే లేచి బొరుగులు తడిపింది. వాళ్ళ ఊళ్ళో ఆ వంటకాన్ని ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఒగ్గరణె అంటే మరేమీ కాదు, తిరగమాత. బొరుగులకు తిరగమాత పెట్టారు కాబట్టి ఒగ్గరణె. మా ఊరి నాలుకల మీద అది అరిగి అరిగి ఉగ్గాని అయింది. ఇంతే దీని చరిత్ర. ఒక బీడీ కాలేలోపు చెప్పేయొచ్చు.

ఆమె పనితనమంతా తడపడంలో ఉండేది. బొరుగులు నానకూడదు, తడవాలి అనేది. బకెట్టులో పోసి, రెండు చేతులతో ఒక్కసారి కిందికి నొక్కి, పైకి తేలేలోపే తీసి అరచేతుల మధ్య పిండి గుడ్డ మీద వేసేది. పిండడం తక్కువైతే నీళ్ళు కారతాయి, ఎక్కువైతే మట్టిముద్ద అవుతుంది. ఆ చేతులు ఎక్కడ ఆగాలో ఆ చేతులకే తెలుసు. నేను ఒకసారి చేసి చూశాను. మా అన్న దాన్ని చూసి, “దీంతో గోడకు పగుళ్ళు పూడ్సుకోవచ్చురా” అన్నాడు.

ఇట్లా ఉండగా మిల్లు లోపల కూలీలకు క్యాంటీను పెడతారని తెలిసింది. మేనేజరు సర్కారు జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాడు, మనిషి చెడ్డవాడు కాదు. క్యాంటీను తెరిచిన రోజునుంచి గేటు దగ్గర పొయ్యిలేవీ ఉండకూడదని చెప్పేశాడు. పొయ్యిలేవీ అంటే ఎన్నో ఉన్నాయని కాదు. ఉన్నది ఒక్కటే, మా వదినది.

క్యాంటీను కోసం ఆదోని హోటలాయన అర్జీ పెట్టాడు, ఎమ్మిగనూరు హోటలాయన కూడా పెట్టాడు. కూలీలకు పొద్దున ఉగ్గాని కావాలని మేనేజరు ఎక్కడో విన్నాడట. అందుకని ఇద్దరూ ఒకే మాట రాశారు: ఉగ్గాని కనిపెట్టింది మా వంశమే, చిత్తగించవలెను.

ముందు ఆదోని ఆయన నన్ను పిలిపించాడు.

“ఏమప్పా, బోర్డు రాయల్ల. ‘ఉగ్గాని పుట్టినిల్లు ఇదే’ అని రాయి. అచ్చరాలు కొండ మీది కోటకు కనపడల్ల.”

“కోట మీద ఎవురుండారన్నా సదవనీకి? కోతులు గదా ఉండేది.”

“కోతులైనా సదవల్ల.”

“సదివినాయంటే నేరుగా నీ హోటలుకే వస్తాయి. నీ గిరాకీలో కలిసిపోతాయిలే.”

ఆయనకు అది అర్థమయ్యేలోగా నేను నిచ్చెన ఎక్కేశాను. కింద నిలబడి తన వంశ చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. నవాబు సైన్యం కోటలో ఉందట. బయట శత్రువులట. వాన పడి బొరుగుల మూటలన్నీ తడిసిపోయాయట. సైన్యం ఆకలికి ఏడుస్తుంటే ఆయన తాత ఆ తడి బొరుగులకు తిరగమాత పెట్టాడట. తిని సైనికులు శత్రువుల మీద పడ్డారట.

“మీ తాత గాజుల మలారం యేసుకొని యీదులెంబడి తిరుగుతాండె గదన్నా? మా అవ్వ ఆయప్ప కాడనే గాజులు ఏయించుకున్యా అంటాండె.”

“అది పగలప్పా. వంట రేత్రిపూట.”

“యుద్ధం మరి యాపొద్దు జరిగె?”

“నువ్వు బోర్డు రాయప్పా!”

రాశాను. ఆ పలక ఆయన ఇంటి దూలం కోయించగా మిగిలిన చెక్క, మనిషంత పొడుగు. పై వరుసలో ఒక్క ‘ఉగ్గాని’ మాత్రమే రావాలి. ఎంత లావు చేసి రాసినా చివర ఇంకా జాగా మిగిలింది. ‘ని’ బోడిగా కనపడింది. చెరిపేసి ‘ణి’ రాశాను. ‘ణ’ మంచి అక్షరం, సుళ్ళు తిరిగి పక్కకు బాగా సాగుతుంది, జాగా నింపుతుంది. అంతకుమించి అందులో శాస్త్రం ఏమీ లేదు. ఆ హోటలాయన రెండడుగులు వెనక్కి నడిచి చూసి, ‘ఉండాది, దర్జా ఉండాది’ అన్నాడు.

వారం తిరక్కుండా ఎమ్మిగనూరు ఆయన కబురు పెట్టాడు. బస్సెక్కి పోయాను. ఈయన సన్నటి మనిషి, హోటలు ఇంకా సన్నం. కిటికీకీ వాకిలికీ మధ్య జానెడు గోడ ఉంటే అక్కడ బోర్డు తగిలించాలన్నాడు.

“ఆదోనోళ్ళకు ఏం తెలుసప్పా ఉగ్గాని సంగతి? వాళ్ళకు దూది తప్ప ఇంగొకటి తెల్దు. ఉగ్గాని మగ్గం కాడ పుట్టింది. మా ముత్తవ్వ నూలుకు గంజి పెడతాంటే బొరుగుల చాట జారి గంజిలో పడె. పారేయనీకి మనసొప్పక తిరగమాత పెట్టె. మగ్గం దిగకుండా తినొచ్చునని నేసేవాళ్ళంతా అదే కావల్లనిరి.”

అది నిజమేమో కనుక్కుందామని పక్క వీధిలో మగ్గం మీదున్న ఒక ముసలాయనను అడిగాను. ఆయన మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

“నూలుకు పెట్టే గంజిలో బొరుగులు పడేసినోళ్ళను మా ఆడోళ్ళు ఊకనే యిడుస్తారా? సీపిరి తీసుకుంటారు. మేం జొన్నరొట్టె తిన్నోళ్ళమప్పా. ఎవురు సెప్పినారు నీకు ఈ కత? ఆ సన్న హోటలోడా? ఆయప్ప ఇంటోళ్ళు మగ్గం మొగమన్నా సూసినోళ్ళు కాదు.”

అయినా బోర్డు రాశాను. నాకేం, కుంచె నాది, అబద్ధం వాళ్ళది. పలక సన్నం కాబట్టి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించాల్సి వచ్చింది. ‘ణి’కి జాగా లేదు. ‘ఉగ్గాని జన్మస్థానం’ అని ‘ని’తోనే సరిపెట్టాను. ఒకే తిండికి రెండు ఊళ్ళలో రెండు పుట్టుకలు నా చేతులతోనే జరిగాయి. అప్పటికి అది నాకు పెద్ద తమాషాగా ఉండేది. కనపడినవాడికల్లా చెప్పి నవ్వించేవాణ్ణి.

ఇంటికొచ్చి అదే మా వదిన ముందు చెప్పినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. గేటు దగ్గర పొయ్యి తీసేస్తారన్న సంగతి ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

“వదినా, నువ్వు గూడ ఒక అర్జీ పెట్టల్ల.”

“నేనేం పెడతా మరిదీ? నేను పొయ్యి పెట్టినా గదా, అది సాల్దా?”

“దాన్నే తీసేస్తాండారు. క్యాంటీను వస్తే గేటు కాడ ఎవురూ ఉండగూడదంట.”

పిండుతున్న చేతులు ఆగాయి. మూల కూర్చున్న మా అన్న కత్తి కూడా ఆగింది.

“ఉండగూడదంటే, యాడ ఉండల్లంట?” అన్నాడు మా అన్న.

“అది సెప్పలేదు.”

ఆయనకు దగ్గు వచ్చింది, మా వదిన నీళ్ళ చెంబు అందించింది. అర్జీ నేనే రాశాను. ఆరో తరగతి తెలుగులో రాసినా, పని జరిగింది. మేనేజరు ముగ్గురినీ రమ్మన్నాడు. మిల్లు సెలవు రోజున ముగ్గురూ వండి తేవాలి, ఎవరిది అసలైనదో అక్కడే తేలుస్తామన్నాడు. మాట పుట్టుక తేల్చడానికి ఒక పండితుడు కావాలనుకుని మా తెలుగు పంతులును పిలిచాడు. ఊళ్ళో అంతమంది ఉండగా సరిగ్గా ఆయన్ను!

నేను మా వదినకు పాఠం మొదలుపెట్టాను.

“ఒగ్గరణె అనే మాట మాత్రం తీయొద్దు వదినా. నీ దండం పెడతా. ఇప్పుడు కన్నడం అంటేనే మొగాలు ముడుచుకుంటాండారు.”

అది నిజమే. గీత గీసినప్పటినుంచీ మా ఊళ్ళో కొందరికి ఒక జబ్బు పట్టుకుంది. నిన్నటిదాకా ఇంట్లో కన్నడం మాట్లాడినవాళ్ళు కూడా వీధిలోకొచ్చి తెలుగును గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు. తెలుగుకు చెవుడు వచ్చినట్లు.

“మరి ఏం సెప్పల్ల?”

“మీ అవ్వకు కలలో దేవుడు కనపడి సెప్పినాడని సెప్పు.”

“దేవునికి పని లేదా, బొరుగులు ఎట్ల పిండల్లో సెప్పనీకి వస్తాడు?”

“నవాబు సైన్యానికి తాత వండలేదా? ఆయప్ప సెప్పంగా లేంది నువ్వు సెప్తే తప్పేమి?”

“ఆయప్పకు తాత ఉండాడు. మాకు బాండ్లి ఉండాది,” అని లేచి పోయింది.

సెలవు రోజు పొద్దున మా వాకిట్లో తలుపు చప్పుడైంది. తీస్తే ఆదోని హోటలాయన, వెనక మనిషి నెత్తిన బొరుగుల మూట.

“అమ్మా, ఈ ఒక్క పొద్దు నువ్వు తడిపియ్యి. మావోడు తడిపితే పులుసైతాంది.”

నవాబు సైన్యాన్ని బతికించిన వంశం మా గడప ముందు చేతులు నలుపుకుంటూ నిలబడింది. నేను నోరు తెరవబోయేసరికి సందు మలుపులో ఎమ్మిగనూరు ఆయన కనపడ్డాడు. మొదటి బస్సుకు వచ్చినట్లున్నాడు. ఆయన చంకలోనూ బొరుగుల మూట! ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ మా ఇంటి గోడను చూశారు. ఆ గోడలో అంత చూడదగ్గది ఏమీ లేదు.

“ఏమన్నా, గంజి తేలేదా?” అని ఎమ్మిగనూరు ఆయనను అడిగాను.

“నువ్వు గమ్మునుండు మరిదీ,” అంది మా వదిన. “మూటలు ఆడ పెట్టి కూసోండప్పా.”

ఇద్దరివీ తడిపింది, ఇద్దరివీ పిండింది. తనవి ఎంత ఒద్దికగా పిండిందో వాళ్ళవీ అంతే. వాళ్ళు పోయాక నేను ఎగిరి పడ్డాను.

“వాళ్ళు నీ పొయ్యి ఆర్పనీకి వస్తాంటే వాళ్ళ బొరుగులు పిండియిస్తివి గదా!”

“బొరుగులేం తప్పు చేసె?” అంది.

మిల్లు ఆవరణలో పత్తి బేళ్ళ నీడన బల్ల వేశారు. మూడు ఆకుల్లో మూడు ఉగ్గానులు పెట్టారు. చుట్టూ పనివాళ్ళు వంద మంది దాకా మూగారు, సెలవు రోజు ఊరికే తిండి దొరుకుతుందేమోనని. మేనేజరు మూడూ రుచి చూశాడు. మళ్ళీ మొదటిది చూశాడు. మళ్ళీ మూడోది.

“ఇదేంటయ్యా, మూడూ ఒకేలా ఉన్నాయి! బాగుంది కానీ ఈ మరమరాల ఉప్మా.”

“ఉప్మా అంటారేమి సార్!” అని హోటలాయనలిద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే.

“సరే, సరే. రుచిలో తేలేటట్టు లేదు. పంతులుగారూ, మీరు చెప్పండి.”

పంతులు లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు. తాను రెండు ఊళ్ళూ స్వయంగా తిరిగి, రెండు బోర్డులూ చూసి వచ్చానన్నాడు. నేను మెల్లగా బేళ్ళ వెనక్కి జరిగాను.

“ఉగ్గు అనగా పసిబిడ్డకు పట్టే మెత్తని ఆహారము. ఆణి అనగా శ్రేష్ఠము. ఆణిముత్యమని వినలేదూ? ఉగ్గులలోకెల్ల ఆణి, కనుక ఉగ్గాణి! ఎమ్మిగనూరు బోర్డులో ‘ని’ ఉన్నది. అది పామరుల ఉచ్చారణము. ఆదోని బోర్డులో శుద్ధమైన ‘ణి’ ఉన్నది. తరతరాలుగా నాలుకపై నిలిచినవారికి గానీ ఆ అక్షరము పలకదు.”

ఆదోని హోటలాయన ఆ అక్షరం తానే కన్న బిడ్డ అయినట్లు మురిసిపోయాడు. ఒక్క ‘ణ’ అయినా నోటితో పలకమని అడిగుంటే బాగుండేది. ఆయన బాణాన్ని బానమని, కోణాన్ని కోనమని అనేవాడు.

నేను జనాన్ని తోసుకుని ముందుకు పోయాను. తమాషా చేసే ఉద్దేశం నాకు ఆ పూట లేదు, ఒట్టు.

“సార్, ఆ బోర్డు రాసింది నేను. చెక్క పొడుగైపోయి జాగా మిగిలితే ‘ణి’ పెట్టినా. ఎమ్మిగనూర్ల చెక్క సన్నం, అందుకే ‘ని’. ఇంగేం లేదు దాంట్లో.”

వంద మందీ ఒక్కసారి ఘొల్లుమన్నారు. పనివాళ్ళు బేళ్ళ మీద పడి నవ్వారు. నా జీవితంలో చెప్పిన వాటిలో అంత బాగా పేలిన మాట మరొకటి లేదు. అది నిజం కావడమే దాని కర్మ. ఊళ్ళో ఇరవై నాలుగు గంటలూ వెక్కిరించేవాడు ఒక్క నిమిషం నిజం చెబితే ఎవడు నమ్ముతాడు? మేనేజరు కూడా కళ్ళు తుడుచుకుంటూ, “భలేవాడివయ్యా” అన్నాడు.

పంతులు నవ్వలేదు. “ఒరేయ్, నువ్వు రాసిన దానిని నువ్వే ఎరుగవు. నీ అజ్ఞానములోంచి భాషే పలికినది” అన్నాడు. ఆరో తరగతిలో నా నోటెంట తన పద్యం తప్పు లేకుండా వస్తే పట్టించుకోని మనిషికి, ఇప్పుడు నా కుంచెలో భాష కనపడింది.

నవ్వులు తగ్గాక మేనేజరు మా వదిన వైపు తిరిగాడు.

“ఏమ్మా, నువ్వేమంటావు? నీకు దీని పుట్టుక తెలుసా?”

నేను కళ్ళతోనే బతిమాలాను. ఆమె నా వైపు చూడనే లేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“పుట్టుకేముంది సార్. ఇంట్ల పెద్దగా ఏం లేనప్పుడు మా అమ్మ బొరుగులు తడిపి తిరగమాత పెడతాండె. తిరగమాతను మా పక్క ఒగ్గరణె అంటారు. అది ఈడికొచ్చి ఉగ్గాని ఆయె. కనిపెట్టేంత పని ఏం లేదు దాంట్లో.”

ఒగ్గరణె. ఆ ‘ణ’ ఆమె నోట్లో ఎంత చక్కగా, ఎంత గుండ్రంగా పలికిందో. పంతులు అంతసేపు వెతికిన శుద్ధమైన ‘ణ’ అదే. నేను జాగా నింపడానికి గీసిన ‘ణ’, అది ముందునుంచీ ఉండాల్సిన చోటే పడింది. పంతులు ముఖం చూశాను. ఆయనకు తెలిసింది. కన్ను ఒక్కసారి అదిరింది. తెలిసి, నోరు మూసుకుని, ఉత్తరీయం మళ్ళీ సర్దుకున్నాడు.

“ఇన్నారా సార్?” ఆదోని హోటలాయన లేచాడు. “కన్నడం! మన తెలుగు తిండిని ఎత్తకపోయి బళ్ళారోళ్ళ చేతుల పెడతాంది!”

“ఔ సార్, మాకు రాకపోయినా పర్వాల్యా. బళ్ళారోళ్ళకు మాత్రం పోగూడదు,” అన్నాడు ఎమ్మిగనూరు ఆయన. తాను ఓడిపోయినా ఫరవాలేదట, నిజం గెలవకూడదట.

జనంలోంచి ఇద్దరు ముగ్గురు గట్టిగా తెలుగులో అరిచారు. పొద్దున్నే ఆమె బాండ్లి ముందు చెయ్యి చాచి, ఇంకొంచెం పొడి చల్లు అక్కా అని అడిగే నోళ్ళే. మేనేజరుకు గొడవలంటే భయం. పంతులు చెప్పిందే ఖాయం చేసి క్యాంటీనును ఆదోని హోటలాయనకు ఇచ్చేశాడు. పోయేముందు మా వదిన దగ్గరకు వచ్చాడు.

“నువ్వు కూడా లోపల పనిలో చేరమ్మా. మరమరాలు పిండిపెడితే చాలు.”

“పిండేది నేను, పుట్టిచ్చేది ఆయప్పనా? వద్దులే సార్.”

ఇంటికి నడుస్తూ నేను ఊరుకోలేకపోయాను.

“సెప్పొద్దంటి గదా వదినా. ఒక్క మాట మింగింటే ఏం పోతాండె?”

“ఆయప్ప అడిగె, నేను సెప్తి. మా అమ్మ పెట్టిన పేరు అది. పొయ్యి పోతాదని పేరు మారుస్తానా?” కాసేపు నడిచి అంది, “నువ్వు రెండు బోర్డులు రాయకుంటే ఏం పోతాండె?”

మాటకు మాట అందించడంలో నన్ను మించినవాడు లేడని పేరు. ఆ పూట ఆమె చేతిలోని బాండ్లి అందుకుని ఇల్లు చేరేదాకా నేనే మోశాను.

క్యాంటీను తెరిచారు. గేటు కావలివాడు, పాపం, తలొంచుకుని వచ్చి పొయ్యి తీయమన్నాడు. రోడ్డుకు అవతలి పక్క మిల్లు వాళ్ళది కాదు, పాడుబడిన సున్నపు బట్టీ గోడ. అక్కడికి మార్చాం. ఇరవై అడుగుల దూరం కూడా లేదు, కానీ నీడ లేదు. నెత్తి మీద ఎండ, పక్కనుంచి లారీల దుమ్ము. మా అన్న గోనెపట్టాలు కలిపి కుట్టి నాలుగు కట్టెల మీద కప్పాడు, గాలికి అది వారానికోసారి లేచిపోయేది.

ఆ పనివాళ్ళు రోడ్డు దాటి వస్తారని నేను పందెం కాశాను. సగానికి సగం రాలేదు. లోపల కూర్చోవడానికి బెంచీలు వేశారట. బెంచీ! పదేళ్ళు ఆమె చేతి తిండి తిన్న మనిషి, పిర్ర కింద ఇంత పలక కనపడేసరికి నాలుకను మరిచిపోయాడు. లోపల ఉగ్గాని ఎట్లా ఉందని ఒకణ్ణి అడిగితే, “గంటెతో పెట్టరప్పా, తాపీతో పెడతారు” అన్నాడు. అయినా రోజూ అక్కడే తినేవాడు.

ఎమ్మిగనూరు ఆయన మళ్ళీ కబురు పెట్టాడు. క్యాంటీను రాలేదు కాబట్టి ఆయన వంశం మగ్గం దిగి బళ్ళారికి వలసపోయింది. బోర్డు మార్చాలట.

“‘అసలైన బళ్ళారి ఒగ్గరణె’ అని రాయప్పా. మా ముత్తవ్వది బళ్ళారే. ఈసారి ‘ణ’ మరిసేవు!”

“జాగా లేదన్నా, గోడ పగలగొట్టు, రాస్తా” అని వచ్చేశాను. నేను వద్దన్న బోర్డు అదొక్కటే. దాన్ని ఇంకెవరితోనో రాయించుకున్నాడు.

మెల్లగా లారీల వాళ్ళు ఆగడం మొదలుపెట్టారు. పత్తి బండ్ల వాళ్ళు, కోడుమూరు పక్కనుంచి వచ్చేవాళ్ళు, బళ్ళారికి పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. పనివాళ్ళలో పాతవాళ్ళు కొందరు దుమ్ము తింటూనే దాటి వచ్చేవాళ్ళు. ఇల్లు గడిచింది. కానీ మా వదిన ఒక పట్టు పట్టింది. రోడ్డు దాటి వచ్చినవాళ్ళు ఉగ్గాని అని అడిగితే ఆకు తీసేది కాదు.

ఒక సాయంత్రం బడి వదిలాక మా పంతులు వచ్చాడు. ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని, దాన్ని ముఖం దాకా దించుకుని గోడ వారగా వచ్చాడు. నేను పట్టా వెనక మేకు కొడుతున్నాను, నన్ను చూడలేదు. చేతిలో మూత ఉన్న ఇత్తడి గిన్నె. క్యాంటీనుకు ఆయన ఎప్పుడు పోయినా ఊరికే పెట్టేవాళ్ళు, బిడ్డకు పేరు పెట్టినవాడు కదా. అక్కడ తినలేక ఇక్కడికి వచ్చాడు.

“అమ్మా, ఉగ్గాణి ఉన్నదా?”

“అది ఈడ లేదు స్వామీ,” అంది మా వదిన, బాండ్లి గీకుతూ. “రోడ్డుకు ఆ పక్క పుట్టింది గదా. ఆడనే దొరుకుతాది.”

“మరి ఆ బాండ్లిలో ఉన్నది?”

“ఇదా? దీన్ని మా పక్క వేరే అంటారులే. మీరు ఇన్యారు గదా ఆ పొద్దు.”

పంతులు గొడుగు కింద నుంచి రోడ్డు ఆ చివరా ఈ చివరా చూశాడు. లారీ ఒకటి పోయేదాకా ఆగాడు. నేను సుత్తి కింద పెట్టి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. నవ్వు వస్తే మొత్తం చెడిపోతుంది.

“ఒగ్గరణె” అన్నాడు, గుటక మింగినట్లు.

మా వదిన ఆయన చేతిలోని గిన్నె అందుకుని మూత తీసింది.

“ఎంతమందికి స్వామీ? బజ్జీ గూడ పెట్టల్నా?”